మూడువేల నాలుగు, తర్వాత చిల్లు

పొద్దున పదింటికి ఎగ్మూరు దస్తరాల ఆఫీసులో
గోధుమపిండి జిగురు కాస్తాను,
చిటికెడు మైలుతుత్తం వేసి.
కట్ట విప్పితే ముందు దుమ్ము,
దుమ్ము తర్వాత ఒక దొర.

హంఫ్రీ థార్న్‌బీ.
పదిహేడేళ్ల వయసులో, మసూలా పడవలోంచి
ఎవరి భుజాలో ఎక్కి చెన్నపట్నం ఇసుకలో దిగాడు.
కాలు తడవలేదని వాళ్లమ్మకు రాశాడు.
భుజాల పేరు రాయలేదు.

ఏడాదికి ఐదు పౌన్ల జీతం.
మూడో ఏటికి పల్లకీ, ఎనిమిది మంది బోయీలు.
ఈ లెక్క ఎలా కుదిరిందో ఇంగ్లీషు పుస్తకంలో లేదు.
తెలుగు పుస్తకంలో ఉంది:
ముత్యాలపేట దుబాసీ గురజాల మన్నారయ్య
గొలుసుకట్టు రాత, ఎక్కడా కలం ఎత్తని చెయ్యి.
దొరవారి పేర నవాబుకు అప్పు, నెలకు నూటికి రెండు.
చింతాద్రిపేట నేతగాళ్లకు బయానా, అందులో తరుగు.
దొరవారికి జలుబు. మిరియాలు, పావు వీశె.
మూడింటికీ ఒకటే సిరా.

పద్నాలుగేళ్లకు ఓడెక్కాడు.
అక్కడ పదకొండు ఊళ్లు కొన్నాడు,
ఊళ్లతో పాటు పార్లమెంటులో ఒక కుర్చీ.
ఓటర్లు ముప్పై ఒక్కరు,
తలకి ఇరవై గినీలు, అందరికీ కలిపి రెండు పీపాల బీరు.
నవ్వొచ్చింది, చెప్పొద్దూ.
పోయిన ఎలక్షన్లో మా వీధిలో కవర్లు పంచారు.
నాది తీసుకున్నాను. మా ఆవిడది కూడా.

అక్కణ్ణుంచి ఏడు ఉత్తరాలు.
ఏడింట్లో ఏడు రకాలుగా రాశాడు మన్నారయ్య పేరు.
మంచానికి అద్దకం దుప్పటి పంపు,
చిలకలు వద్దు, నెమళ్లు వేయించు.
మాగాయ జాడీ ఓడలోనే పగిలింది, ఇంకోటి పంపు.
సభలో నిద్రొస్తుంది.
ఊరుమ్మడి బీడుకు కంచె వేయించాను,
మేకల ముసలిది ఒకతె కంచె పీకితే జైలుకు పంపాను.
ఇక్కడి జనమూ మీ నేతగాళ్లలాగే మొండివాళ్లు.

ఆ మాట దగ్గర కాసేపు కుంచె పక్కన పెట్టాను.
మా తాతల తాత చింతాద్రిపేటలో మగ్గం.
ఆ ముసలామెకి ఏ భాషలో చెప్పను
మనం ఒకే వాక్యంలో ఉన్నామని?

సభలో ఒక్కసారే లేచాడట:
నవాబు బాకీ వడ్డీతో సహా తీరాల్సిందే,
అప్పు అనేది పరువుకు సంబంధించిన సంగతి.
మన్నారయ్యకు కోసి పంపాడు ఆ పత్రిక ముక్క.

మన్నారయ్య దాన్ని జాగ్రత్తగా దాచి,
దాని వెనకనే తన బాకీ చిట్టా రాసుకున్నాడు.
పదకొండు అర్జీల నకళ్లు. మొదటి దాంట్లో
మహారాజశ్రీ దొరవారి దివ్యసముఖమునకు.
తొమ్మిదో దాంట్లో ఉత్త దొరవారికి.
పన్నెండోది కొడుకు చేతిరాత:
మా తండ్రిగారు కాలము చేసిరి.
తమరివద్ద రావలసిన వరహాలు మూడువేల నాలుగు

తర్వాత చిల్లు.

వందలో, పదులో, ఉత్త నాలుగో,
పురుగుకే తెలుసు.
అదే పురుగు కిందికి దిగి
దొర సంతకంలో మధ్య అక్షరాన్ని తిని
అట్టలోంచి బయటపడింది.
జవాబు వచ్చిందేమో కూడా. అదీ తిన్నదేమో.
అన్యాయంగా ఒక మనిషిని అనకూడదు గదా,
చచ్చిపోయినా.

పోయిన అక్షరం ఊహించి పూరించకూడదు, అది మా రూలు.
జపాను పలచకాగితం పరిచాను,
జిగురు రాసి, గుడ్డతో అద్ది,
పైన గాజుపలక, పలక మీద ఇటుక.
చిల్లు అలాగే కనిపిస్తుంది. ఇంక పెరగదు.

పైఆఫీసరు తొంగిచూసి అరవంలో అడిగాడు,
తెలుంగులో ఏముందయ్యా అందులో?
ఇంట్లో తెలుగు, వీధిలో అరవం,
రిజిస్టరులో ఇంగ్లీషు రాసుకునేవాణ్ణి.
లెక్కలు సార్, అన్నాను.
ఎవరివి అని ఆయన అడగలేదు.
చెయ్యి కడుక్కుని క్యారియరు తెరిచాను.
ఇవాళ మాగాయ.